నీటి అడుగు నుంచి ఆకాశానికి గురి

2025 ఏప్రిల్ రెండో వారంలో కాకినాడ ఇసుక మీదికి భారత, అమెరికా సైనికులు కలిసి దిగారు. 'టైగర్ ట్రయంఫ్' పేరిట 2019లో మొదలైన ఈ ఉమ్మడి విన్యాసాల్లో రేవు ఘట్టం విశాఖపట్నానిది, సముద్రపు ఘట్టం కాకినాడది. ఐఎన్ఎస్ జలాశ్వ, దాని కడుపులోంచి బయటికొచ్చే ల్యాండింగ్ బోట్లు, నావల్ ఎన్‌క్లేవ్ ఒడ్డున కాలు పెట్టే జవాన్లు: ఇలాంటి విన్యాసాల్లో ఫొటోలకు దొరికేవి ఇవే. నౌకాదళం ప్రకటించిన జాబితాలో ఉన్నా ఒడ్డున నిలబడ్డవాళ్ళకు కనబడనిది పీ-8ఐ గస్తీ విమానం. విపత్తు సహాయానికి రిహార్సల్ అన్నప్పుడు జలాంతర్గాముల్ని వేటాడే విమానంతో పనేమిటని అడిగినవాళ్ళు తక్కువ. ఒడ్డుకు కాస్త దూరంలో ఆగి బోట్లు దించుతున్న పెద్ద ఓడ కదలలేని ఓడ. దాని అడుగున ఏమీ లేదని ఎవరో ఒకరు భరోసా ఇవ్వాలి. ఆ భరోసా పైనుంచే వస్తుంది.

ఆ పైనున్న విమానాన్నే నీటి అడుగు నుంచి కొట్టగలిగితే?

ఇది కొత్తగా పుట్టిన ఊహేమీ కాదు. యాభై ఏళ్ళుగా నౌకాదళాలను ఊరిస్తోంది. మన దాకా ఇప్పుడు రావడానికి కారణం ప్రాజెక్ట్ 75ఐ. ఆరు కొత్త డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గాముల కోసం మజగావ్ డాక్, జర్మనీకి చెందిన టీకేఎంఎస్ జంటతో 2025లో ధరల చర్చలు మొదలయ్యాయి. జలాంతర్గామి నుంచి విమానాన్ని కొట్టే 'ఐడాస్' క్షిపణి వెనక ఉన్నదీ ఆ జర్మన్ సంస్థల కుటుంబమే. బోటుతో పాటు ఆ అస్త్రం ప్రస్తావన వస్తే ఆశ్చర్యం లేదు. నా అంచనా వేరు. బంగాళాఖాతంలో ఈ ఆయుధం మన బోట్ల కన్నా మన జలాల్లోకి చొరబడే పరాయి బోటుకే ఎక్కువ అక్కరకొస్తుంది. కాబట్టి మనం దీని గురించి కొనేవాడిలా కాక, దీన్ని ఎదుర్కోవలసిన వేటగాడిలా ఆలోచించాలి.

జలాంతర్గామికి విమానమంటే అంత బెదురు ఎందుకో ముందు చూడాలి. ఓడ వస్తుంటే దాని ప్రొపెల్లర్ చప్పుడు బోటుకు చాలా దూరం నుంచే వినపడుతుంది. విమానంతో ఆ వీలు లేదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, నీళ్ళలో దాదాపు 1,500 మీటర్లు. ఈ తేడా వల్ల పైనుంచి వచ్చే చప్పుడులో దాదాపు నిట్టనిలువుగా పడిందే నీళ్ళలోకి దిగుతుంది. నిలువు గీత నుంచి 13 డిగ్రీలు దాటి ఏటవాలుగా తగిలినది తిరిగి ఆకాశంలోకే పోతుంది. లెక్క వేస్తే, 300 మీటర్ల ఎత్తున ఎగిరే విమానం మోత నేరుగా నీళ్ళలోకి దిగేది దాని కింద 70 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలోనే. అలలకు చెదిరి కొంత అటూ ఇటూ పాకుతుంది కానీ అది నమ్ముకోదగ్గది కాదు. గంటకు ఏడెనిమిది వందల కిలోమీటర్లు పోయే జెట్ ఆ వృత్తాన్ని ఎంతసేపట్లో దాటుతుందో చెప్పనక్కరలేదు. విమానం జారవిడిచే సోనోబాయ్‌లు నీటి మీద తేలుతూ మైకును లోతుకు వేలాడదీస్తాయి. అవి ఊరికే వినే రకమైతే తన చుట్టూ చెవులు మొలిచిన సంగతే బోటుకు తెలియదు. ఒకరికి అవతలివాడు వినపడతాడు, రెండోవాడికి వినపడడు. ఈ పోరు మొదటినుంచీ ఇలా ఒంటిచేతి వాటమే.

తెగించి ఎదురు తిరిగితే ఏమవుతుందో చరిత్రలో ఒకసారి పూర్తిగా పరీక్షకు వచ్చింది. 1943 మే నెలలో జర్మనీ 41 యూ-బోట్లను పోగొట్టుకుంది. ఫ్రాన్స్ రేవుల నుంచి అట్లాంటిక్‌లోకి పోవాలంటే బిస్కే అఖాతం దాటాలి. బ్యాటరీలు ఛార్జి చేసుకోవడానికి బోట్లు పైకి తేలాలి. తేలితే బ్రిటిష్ గస్తీ విమానాలు. విమానం కనబడగానే మునగడం మానేసి, పైనే నిలబడి ఫిరంగులతో పోరాడమని అడ్మిరల్ డోనిట్జ్ ఉత్తర్వు ఇచ్చాడు. కొన్ని బోట్లకు విమాన విధ్వంసక ఫిరంగులు దట్టించి వాటిని విమానాలకు ఎరగా పంపారు. అలాంటి మొదటి బోటు యూ-441. మే 24న అది ఒక సండర్లాండ్ విమానాన్ని నిజంగానే కూల్చింది. తనూ దెబ్బతిని రేవుకు వెనుదిరిగింది. బాగుచేసుకుని జూలైలో మళ్ళీ వెళితే ఈసారి మూడు బ్యూఫైటర్లు కలిసి మీద పడ్డాయి. పదిమంది చనిపోయారు, అధికారులంతా గాయపడో మరణించో పనికిరాకుండా పోయారు. బోటును రేవుకు చేర్చింది అందులోని వైద్యుడు!

అంతకన్నా పెద్ద పాఠం జూలై 30న దొరికింది. మూడు బోట్లు గుంపుగా, ఒకదానికొకటి అండగా బిస్కే దాటుతున్నాయి. ఫిరంగులున్నాయి కదా అని మునగలేదు. ఎదుటి పైలట్లు తొందరపడి ముక్కు ముందుకు పెట్టలేదు. ఫిరంగి అందనంత దూరంలో చుట్లు కొడుతూ మరిన్ని విమానాలను పిలిచారు, దగ్గర్లోని యుద్ధనౌకలకు కబురు పెట్టారు. సాయంత్రానికి మూడు బోట్లూ మునిగాయి. వాటిలో యూ-461ని ముంచిన ఆస్ట్రేలియా విమానం 461వ స్క్వాడ్రన్‌ది, దాని మీది అక్షరం 'యూ'. కథలో రాస్తే ఎవరూ నమ్మరు. ఆగస్టు మొదట్లోనే డోనిట్జ్ తన ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు.

ఇక్కడ గమనించాల్సింది ఫిరంగి విఫలమవడం కాదు. అది విమానాలను కూల్చింది కూడా. కాల్చడమంటే తన చోటు తానే చెప్పడం, చెప్పాక మరో విమానం వచ్చేలోగా పారిపోగల వేగం బోటుకు లేకపోవడం: దెబ్బ తీసింది ఇవి రెండే. విమానం పోతే ఇంకో విమానం. బోటు పోతే అందులోని నలభై యాభై మంది, ఒక ఏడాది పని. ఈ బేరం ఫిరంగి స్థానంలో క్షిపణి వచ్చినా పెద్దగా మారలేదు.

యుద్ధం తర్వాత జలాంతర్గాములు నీళ్ళలోనే ఎక్కువ కాలం ఉండటం నేర్చుకున్నాయి, దాంతో ఫిరంగులు మాయమయ్యాయి. విమానానికి ఎదురు చెప్పాలన్న కోరిక మాత్రం పోలేదు. 1972లో బ్రిటన్‌లో వికర్స్ సంస్థ 'హెచ్ఎంఎస్ ఏనియాస్' అనే పాత బోటుకు ఆరు బ్లోపైప్ క్షిపణులను ఒక స్తంభం చుట్టూ కట్టి, మధ్యలో కెమెరా పెట్టి ప్రయోగించి చూసింది. బోటు పెరిస్కోప్ లోతులో ఉండి స్తంభం మాత్రం నీటి పైకి చాపాలి. లోపల కూర్చున్న మనిషి తెర మీద చూస్తూ క్షిపణిని చేత్తో నడిపించాలి. మూడు కిలోమీటర్ల దూరం కోసం ఇంత తతంగం. బ్రిటిష్ నౌకాదళం వద్దనుకుంది. సోవియట్ వాళ్ళు తమ పద్ధతిలో తేలిక దారి పట్టారు. కిలో తరగతి బోట్ల కానింగ్ టవర్‌లో భుజాన పెట్టి పేల్చే స్త్రెలా, ఇగ్లా క్షిపణులకు చోటు కల్పించారు. ఈ తరగతివే మన సింధుఘోష్ శ్రేణి బోట్లు. అయితే ఇగ్లా పేల్చాలంటే బోటు పైకి తేలాలి, నావికుడు బయటికి వచ్చి నిలబడాలి. అది రేవులో ఉన్నప్పుడో, దెబ్బతిని మునగలేని స్థితిలోనో చివరి ప్రయత్నం. దాన్ని ఆయుధ వ్యవస్థ అనడం మర్యాద కోసమే.

అసలు మార్పు తెచ్చింది ఐడాస్. 2008లో జర్మన్ నౌకాదళపు యూ-33 జలాంతర్గామి మునిగి ఉండగానే టార్పెడో గొట్టంలోంచి దీన్ని ప్రయోగించి చూశారు. ఒక గొట్టంలో పట్టే పెట్టెలో నాలుగు క్షిపణులు. నీళ్ళలోంచి పైకి లేచి గాలిలో ఎగురుతున్నంతసేపూ వెనక సన్నని ఫైబర్ తీగ విప్పుకుంటూ పోతుంది. ముక్కున ఉన్న పరారుణ కెమెరా చూసేదంతా ఆ తీగ వెంట బోటులోకి చేరుతుంది. గురి సరైనదో కాదో చూసి, కాకపోతే మార్చే అవకాశం లోపలి మనిషికి ఉంటుంది. దూరం సుమారు 20 కిలోమీటర్లు చెబుతారు. ఫ్రాన్స్‌ది ఇంకో దారి. 2012లో డీసీఎన్ఎస్ (నేటి నావల్ గ్రూప్), ఎంబీడీఏ కలిసి 'ఏ3ఎస్ఎం' పేరుతో రెండు నమూనాలు చూపాయి. ఒకటి స్తంభం మీది మిస్ట్రాల్. రెండోది నీటిలోంచి గొట్టపు తొడుగులో పైకొచ్చి విచ్చుకునే మైకా. ఆ తొడుగు ఎక్సోసెట్ ఎస్ఎం39 క్షిపణికి వాడేదే. మన కల్వరి శ్రేణి బోట్లలో ఆ ఎక్సోసెట్ ఉంది కనుక ఫ్రెంచి మాట మన చెవికి ఇంకా దగ్గరగా వినిపించవచ్చు.

ఇన్ని ప్రయత్నాలు జరిగినా, జలాంతర్గామి నుంచి వచ్చిన క్షిపణి యుద్ధంలో విమానాన్ని కూల్చిన ఉదంతం ఒక్కటీ నమోదు కాలేదు. మన పక్కనే చూడండి. 1999 ఆగస్టు 10న పాకిస్తాన్ నౌకాదళపు అట్లాంటిక్ విమానాన్ని కచ్ సరిహద్దులో మన మిగ్-21 కూల్చింది, 16 మంది పోయారు. 2011 మేలో కరాచీలోని మెహ్రాన్ స్థావరం మీద ఉగ్రవాదులు దాడిచేసి రెండు పీ-3సీ ఓరియన్ విమానాలను నేల మీదే తగలబెట్టారు. 1971 యుద్ధంలో మనం పోగొట్టుకున్న అలీజే విమానాన్ని కూల్చింది పాకిస్తాన్ స్టార్‌ఫైటర్. జలాంతర్గాముల్ని వేటాడే విమానాల పాలిట యముడు ఫైటర్ విమానం, ఆ తర్వాత కాపలా లేని హ్యాంగర్.

అలాగని ఐడాస్ లాంటిదాన్ని బొమ్మగా తీసిపారేయనక్కరలేదు. అది ఎవరి మీద పనిచేస్తుందో విడదీసి చూడాలి. తీగ కట్టుకుని ధ్వనివేగానికి లోపే ఎగిరే క్షిపణి, ఎత్తున పోయే జెట్ వెంట పడి గెలవడం కష్టం. పైగా ఆ జెట్ అక్కడ ఉన్నట్టు బోటుకు తెలియాలి కదా. హెలికాప్టర్ సంగతి పూర్తిగా వేరు. అది నీటి మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున ఒకేచోట నిలబడి, తీగకు కట్టిన సోనార్‌ను సముద్రంలోకి దింపి, గట్టిగా శబ్దం పంపి ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గుతుంది. రెక్కల మోత నిలువునా నీళ్ళలోకి దిగుతూనే ఉంటుంది, సోనార్ కూత ఏ దిక్కు నుంచో బోటుకు స్పష్టంగా తెలుస్తుంది. కదలదు, కిందే ఉంటుంది, తన చోటు తానే చాటుకుంటుంది. తయారీదార్లు కూడా తమ క్షిపణికి మొదటి లక్ష్యంగా చెప్పేది ఈ హెలికాప్టర్లనే. ఇన్నాళ్ళూ ఏ భయమూ లేకుండా సోనార్ వేలాడదీసిన పైలట్‌కు ఇకపై కింద నుంచి కూడా దెబ్బ రావచ్చన్న అనుమానం కలిగితే చాలు. దింపిన సోనార్ త్వరగా లాగేస్తాడు, దూరం పాటిస్తాడు, మంటల ఎరలు సిద్ధంగా పెట్టుకుంటాడు. క్షిపణి పేలకుండానే బోటుకు కొంత ఊపిరి దొరుకుతుంది. ఈ ఆయుధం అసలు విలువ అదే.

పీ-8ఐకి కూడా ఒక బలహీన ఘడియ ఉంది. అమెరికా తన పీ-8ఏల నుంచి తీసేసిన అయస్కాంత శోధక పరికరాన్ని మనం అడిగి మరీ పెట్టించుకున్నాం. నీళ్ళలోని ఉక్కు దిమ్మ భూ అయస్కాంత క్షేత్రాన్ని కలవరపెట్టే తీరును అది పట్టేస్తుంది, కానీ దానికోసం విమానం బాగా కిందికి దిగాలి. టార్పెడో వేయడానికీ దిగాలి. 30,000 అడుగుల నుంచి జారవిడిస్తే రెక్కల మీద తేలుతూ పోయి నీళ్ళలో పడే తొడుగును అమెరికా తన ఎంకే-54 టార్పెడోకు సమకూర్చుకోవడంలో ఆంతర్యం ఇదే. ఎత్తు దిగకుండా పని ముగించుకుంటే కింద నుంచి వచ్చే క్షిపణి గొడవే ఉండదు. పోటీ ఈ ఎత్తు దగ్గరే. ఆ పోటీలో విమానానికి పైకి పోవడం సులువు, బోటుకు పైకి అందుకోవడం ఖరీదు.

ఇక మన సముద్రం దగ్గరికి వద్దాం. పుస్తకాల్లో ఉండే సముద్రం వేరు, కాకినాడ ముందున్నది వేరు. నైరుతి వర్షాల తర్వాత గంగా-బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి మోసుకొచ్చిన మంచినీరు బంగాళాఖాతం మీద పల్చని పొరగా పరుచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట దక్షిణానికి పారే ప్రవాహం ఆ ఉప్పు తక్కువ నీటిని మన ఒడ్డు పొడవునా లాక్కుపోతుంది. చలికాలంలో పైనీరు చల్లబడి, దాని కింద వెచ్చని ఉప్పునీరు ఉండే తలకిందుల స్థితి కూడా వస్తుంది. శబ్దం వేగం ఉప్పును బట్టీ, వేడిని బట్టీ మారుతుంది కాబట్టి ప్రతి పొర దగ్గరా శబ్దపు దారి వంగుతుంది. పై పొరలో వేలాడే మైకుకు కింది పొరలో ఉన్న బోటు అసలు వినపడకపోవచ్చు. అరేబియా సముద్రంలో నేర్చుకున్న లెక్కలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

దానికి తోడు చప్పుడు. రిలయన్స్ 2009 ఏప్రిల్‌లో కేజీ-డీ6 గ్యాస్ తీయడం మొదలుపెట్టి కాకినాడ దగ్గర గాడిమొగకు చేరవేసింది. ఓఎన్‌జీసీ తన 98/2 బ్లాకులో 2024 జనవరి 7న తొలి చమురు తీసింది. అది కాకినాడ తీరానికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. డ్రిల్లింగు, సరఫరా నౌకలు, సముద్రగర్భపు పంపులు, రేవుకు వచ్చిపోయే సరుకు ఓడలు, ఉప్పాడ నుంచీ ఏటిమొగ నుంచీ వేటకు పోయే మరపడవలు అన్నీ కలిసి నీటి అడుగున ఎడతెగని సంత. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట విరామం ఉన్నప్పుడే ఆ సంత కాస్త పల్చబడుతుంది. తీరానికి దగ్గర్లోనే సముద్రగర్భం గభాలున లోతుకు జారిపోవడం దీనికి అదనం. నక్కి ఉండదలచిన బోటుకు ఇంతకన్నా మంచి చోటు ఏం కావాలి? విశాఖ పక్కన అణు జలాంతర్గాముల నిర్మాణ కేంద్రం, రాంబిల్లి దగ్గర కొత్త స్థావరం వెలిశాయంటే ఈ లోతుకు అందులో పెద్ద పాత్ర ఉంది. ఆ లోతు మనదొక్కరిదే కాదన్నది చిక్కు.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంభై మందికి పైగా నావికులతో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకని మనవాళ్ళంటారు, తన మందుపాతరలకే బలైందని వాళ్ళంటారు. 2017లో వచ్చిన తెలుగు సినిమా ఆ కథను రెండు జలాంతర్గాముల ద్వంద్వ యుద్ధంగా మార్చేసింది కాబట్టి మన పాఠకుల మనసులో జలాంతర్గామికి శత్రువంటే మరో జలాంతర్గామే. వాస్తవంలో శత్రువు ఎక్కువగా పైన ఉంటాడు. ఘాజీ తర్వాత దశాబ్దాల పాటు బంగాళాఖాతం మనకు పెరటి చెరువన్నంత ధీమాగా ఉండేది. ఇప్పుడు లేదు. 2014లో చైనా జలాంతర్గామి కొలంబో రేవులో తేలింది. బంగ్లాదేశ్ చైనా నుంచి రెండు మింగ్ తరగతి బోట్లు కొని 2017లో దళంలో చేర్చుకుంది. మియన్మార్‌కు 2020లో మనమే సింధువీర్ ఇచ్చాం, విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లో బాగుచేసి మరీ. మరుసటి ఏడాది చైనా కూడా దానికి ఒక మింగ్ బోటు ఇచ్చింది. ఈ పాత బోట్లు మనకు బెంగ కాదు. వాటి వెంట వచ్చే చైనా శిక్షకులు, మరమ్మతు రేవులు, ఈ పొరల నీటి మీద వాళ్ళకు పెరిగే అవగాహన బెంగ.

ఇక్కడే నా వాదన నిలబడుతుంది. మన బోటు బంగాళాఖాతంలో ఉందంటే దాని తల మీద తిరిగేవి చాలావరకు మన విమానాలే. అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలి నుంచి పీ-8ఐ ముప్పావుగంటలో కాకినాడ మీదికి వస్తుంది. విశాఖ ఐఎన్ఎస్ డేగా నుంచి కామోవ్-28 హెలికాప్టర్లు ఎగురుతాయి. శత్రువు గస్తీ విమానం ఇక్కడిదాకా రావాలంటే దానికి విమానవాహక నౌకో, దగ్గర్లో స్థావరమో కావాలి. వచ్చినా దాని సంగతి చూడాల్సింది ఫైటర్ విమానాలు, అవి మన చేతిలో ఉన్నాయి. తలమీద శత్రు హెలికాప్టర్ తిరిగే దుస్థితి చొరబాటు బోటుదే. అందువల్ల ఇలాంటి క్షిపణిని మనకన్నా ముందు కోరుకోవలసింది అదే. పాకిస్తాన్ 2015లో చైనాతో ఒప్పందం చేసుకున్న ఎనిమిది హంగోర్ తరగతి బోట్లు వస్తున్నాయి. మన దగ్గరి వేటగాళ్ళ పద్ధతులు మాత్రం, కింద నుంచి ఎవరూ ఎదురు కాల్చరన్న ఊహ మీద పెరిగినవి.

మన బోట్లలో ఏ రకానికి ఇది పనికొస్తుందో కూడా చూద్దాం. అణు క్షిపణులు మోసే అరిహంత్ శ్రేణికి అసలే వద్దు. 2018 నవంబరులో అరిహంత్ తొలి నిరోధక గస్తీ ముగించిందని ప్రధాని ప్రకటించారు. 2024 ఆగస్టులో అరిఘాత్ చేరింది, ఆ నవంబరులోనే దాని నుంచి 3,500 కిలోమీటర్లు పోయే కే-4 క్షిపణి ప్రయోగం విశాఖ సముద్రంలో జరిగింది. ఆ బోటు పని ఒకటే, దేశం మీద అణుదాడి జరిగినా తాను మిగిలి ఉండటం. అలాంటి బోటు ఒక హెలికాప్టర్ మీద క్షిపణి వదలడం కొరివితో తల గోక్కోవడమే. హెలికాప్టర్ కూలుతుందేమో, బోటు జాడ మాత్రం ఖాయంగా బయటపడుతుంది.

కల్వరి శ్రేణికైతే పనికొచ్చే సందర్భాలు ఉన్నాయి. శత్రు రేవు ముందు లోతు తక్కువ నీళ్ళలో కాపు కాసేది ఆ బోట్లే. హెలికాప్టర్ నెత్తిన నిలిచి, పారిపోయే దారి మూసుకుపోయినప్పుడు నాలుగు క్షిపణుల పెట్టె ఒకటి ప్రాణం నిలబెట్టవచ్చు. అయినా వరుస అనేది ఒకటుంటుంది కదా. 2017 డిసెంబరులో ఐఎన్ఎస్ కల్వరి దళంలో చేరినప్పుడు దానికోసం ఎంచిన బ్లాక్ షార్క్ టార్పెడోల కొనుగోలు రద్దయి ఉంది, పాత తరం టార్పెడోలతోనే సర్దుకున్నారు. మునిగి ఉండే వ్యవధిని పెంచే ఏఐపీ వ్యవస్థను అమర్చే భాగం తయారీకి, దేశీయ భారీ టార్పెడోను జోడించే పనికి కలిపి రూ. 2,867 కోట్ల ఒప్పందాలు 2024 డిసెంబరు 30న గాని కుదరలేదు. అంటే మొదటి బోటు వచ్చిన ఏడేళ్ళకు. ఏఐపీ ఉంటే బోటు బ్యాటరీల కోసం మాటిమాటికీ గొట్టం పైకి చాపనక్కరలేదు, విమానం రాడార్‌కు దొరకదు. విమానం నుంచి కాపాడే అస్త్రం అని దేన్నైనా పిలవాలంటే నేను ముందు దాన్నే పిలుస్తాను. కల్వరిలో పట్టేవి 18 టార్పెడోలు, క్షిపణులు. అందులో ఒక్కో చోటును విమానాల మీది క్షిపణి పెట్టెకు ఇస్తే అంతమేరకు ఓడల్ని ముంచే టార్పెడో తగ్గుతుంది. జలాంతర్గామి పుట్టింది ఓడల్ని ముంచడానికి.

మనమే తయారు చేసుకోవచ్చు కదా అన్న మాట రేపో మాపో ఏదో వేదిక మీద వినిపిస్తుంది. నిజానికి ముడిసరుకంతా తెలుగు నేల మీదే ఉంది. నీటి అడుగు నుంచి క్షిపణిని లేపే విద్య హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌కు తెలుసు, కే-15 అక్కడిదే. 2013 మార్చి 20న విశాఖ తీరాన నీట ముంచిన పాంటూన్ నుంచి బ్రహ్మోస్ ఎగిరింది. భుజం మీద నుంచి పేల్చే స్థాయి విమాన విధ్వంసక క్షిపణిని హైదరాబాద్ ఆర్‌సీఐ 2022 నుంచి పరీక్షిస్తోంది. టార్పెడోల ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ 1969 నుంచి విశాఖలో ఉంది, వరుణాస్త్రను అక్కడే రూపొందిస్తే బీడీఎల్ తయారు చేస్తోంది. ముక్కలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన అతుకు పడదు. ఎక్కడ చప్పుడు వినపడిందో అక్కడికి కళ్ళు మూసుకుని వదిలిన క్షిపణి, నీటి పైకి వచ్చాక మన హెలికాప్టర్‌ను, చేపల పడవ ఇంజన్ వేడిని, శత్రువును విడదీసి చూడగలగాలి. జర్మన్లు ఫైబర్ తీగతో తంటాలు పడ్డది ఇందుకే. 2008లో ప్రయోగించి చూపిన అస్త్రం ఇన్నేళ్ళకూ బోట్లలో సాధారణ ఆయుధం కాలేదంటే అందులోని కష్టం ఊహించుకోవచ్చు. ఎన్‌ఎస్‌టీఎల్ ఇంజనీర్ల సమయాన్ని ఇందులో పోసే ముందు వాళ్ళ బల్ల మీద ఇప్పటికే ఉన్న టార్పెడోలు బోట్లకు ఎక్కాలి.

వేటగాడి వైపు చేయాల్సినవి మాత్రం ఆగవు. 2024 మార్చిలో కొచ్చిలో తొలి ఎంహెచ్-60ఆర్ స్క్వాడ్రన్ ఏర్పడింది, అదే ఏడాది వాటికి సోనోబాయ్‌లు అమ్మడానికి అమెరికా ఒప్పుకుంది. కొత్త హెలికాప్టర్లకు సోనార్ ఎంత ముఖ్యమో, కింద నుంచి వచ్చే క్షిపణిని పసిగట్టే పరికరం కూడా ఇక అంతే ముఖ్యం. పాత కామోవ్‌లకు ఇది ఇంకా అవసరం. హెలికాప్టర్లు ఒంటరిగా కాక జంటగా పోవాలి. ఒకటి సోనార్ దింపితే రెండోది దూరాన టార్పెడోతో కాచుకోవాలి, క్షిపణి లేచిన చోటే గుర్తుగా తీసుకుని దెబ్బ తీయాలి. ఎదుటివాడు కాల్చిన క్షణమే మనకు అతని చిరునామా.

మనిషి లేని విమానాలు ఈ లెక్కను మరో మెట్టు పైకి తీసుకుపోతాయి. 2024 అక్టోబరులో మనం 31 ఎంక్యూ-9బీల కోసం ఒప్పందం చేసుకున్నాం, 15 నౌకాదళానివి. సోనోబాయ్‌లు మోయగల రకమిది. అద్దెకు తెచ్చుకున్న రెండింటిలో ఒకటి 2024 సెప్టెంబరులో చెన్నై దగ్గర సముద్రంలో కూలింది. ఎవరి ప్రాణమూ పోలేదు, కొన్నాళ్ళకే జనం మరిచిపోయారు. ఇలాంటి విమానాన్ని జలాంతర్గామి కూల్చినా అదే జరుగుతుంది. కూల్చిన బోటుకు మాత్రం ఆ తర్వాతి గంటలు గడవడం కష్టం. యూ-441 నుంచి మారనిది ఈ బేరమే, మనిషి లేని విమానంతో అది ఇంకా ఏకపక్షమైంది.

ఇక ప్రాజెక్ట్ 75ఐ ఒప్పందం బల్ల మీద ఉన్నంతలో చేయదగ్గది చిన్నదే. ఇలాంటి క్షిపణి పెట్టెను రేపెప్పుడైనా ఒక గొట్టంలో అమర్చుకోవడానికి వీలుగా వైరింగు, పోరాట నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో చోటు ఉంచమని రాయించుకోవాలి. క్షిపణికి మాత్రం ఇప్పుడు డబ్బు కట్టనక్కరలేదు. మిగిలే సొమ్ములో కొంత గోదావరి ముఖద్వారం ముందు ఏడాది పొడవునా ఉప్పు, ఉష్ణోగ్రత, శబ్దవేగం లోతు లోతుకూ కొలిచే పనికి పెట్టవచ్చు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలో ఉంది, సముద్ర సమాచారం క్రోడీకరించే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో ఉంది. సోనోబాయ్ మైకును ఏ నెలలో ఎంత లోతుకు దించాలో పీ-8ఐ సిబ్బందికి చెప్పగలిగేది ఆ కొలతలే.